1930ల స్లాప్‌స్టిక్ కామెడీల్లో నల్లజాతి పాత్రలు: పిల్లలకు చూపించవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. పిల్లలు యూట్యూబ్‌లో 'లిటిల్ రాస్కల్స్', 'త్రీ స్టూజెస్' చూస్తున్నారు. అవి నల్లజాతివాళ్లను అవమానించే సినిమాలని మీ స్నేహితులొకరు అన్నారు. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఆ రోజుల్లోనే ఒకే బడిలో కూర్చోబెట్టిన సినిమాలు కదా అని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట నమ్మాలి, పిల్లల్ని చూడనివ్వాలా వద్దా అన్నది మీ సందేహం.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనల కోసం ఈ సినిమాలు ఎంపిక చేస్తూ, వాటి మీద క్లాసులు చెబుతూ చాలా ఏళ్లుగా గడిపాను కాబట్టి నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. సినిమా మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వకండి. ఒక్కో కామెడీ బిట్‌ను విడిగా తీసుకుని, అందులో బుర్ర ఎవరిదో చూడండి. ఎత్తు వేసేది ఎవరు, బోల్తా పడేది ఎవరు, చివరి మాట ఎవరికి దక్కింది? ఈ లెక్కన చూస్తే ఒకే స్టూడియో, ఒకే సిరీస్, ఒకే నటుడు చేసిన రెండు సినిమాల మధ్య కూడా భూమ్యాకాశాల తేడా కనిపిస్తుంది.

ముందు టాకీల సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే మొదలైంది. మూకీల్లో స్లాప్‌స్టిక్ అంతా ఒంటితో చేసే పని. పడటం, పరిగెత్తడం, మొహం మీద కేకు పడటం. 1927లో 'ది జాజ్ సింగర్'తో తెరకి మాట వచ్చింది. ఆ సినిమా హీరో ఆల్ జోల్సన్ మొహానికి నల్లరంగు పూసుకుని పాడాడన్నది గుర్తుంచుకోవాలి. మాటతో పాటు యాస కూడా వచ్చింది. యాసతో నవ్వించడం రచయితలకు తేలికైన పని అయిపోయింది. మనకి ఇది కొత్తేం కాదు. మన సినిమాల్లో తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు చాలాకాలం హీరో నోట వినపడలేదు, విలన్‌కో కమెడియన్‌కో పనివాడికో అంటగట్టారు. హాలీవుడ్‌లో నల్లజాతి నటులకి అదే జరిగింది, ఇంకా చాలా కఠినంగా.

ఆ కాలపు రేడియోలో విపరీతంగా నడిచిన కార్యక్రమం 'ఆమోస్ అండ్ ఆండీ'. 1928లో మొదలైంది. ఇద్దరు నల్లజాతి మిత్రుల కథ, గొంతు ఇచ్చింది మాత్రం ఫ్రీమన్ గాస్డెన్, చార్ల్స్ కొరెల్ అనే ఇద్దరు తెల్లవాళ్లు. 1930లో 'చెక్ అండ్ డబుల్ చెక్' అని సినిమా తీసినప్పుడు వాళ్లిద్దరూ మొహాలకి రంగు పూసుకుని నటించారు. అందులో నల్లజాతి జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండ్ కూడా ఉంది. ఆ బ్యాండ్‌లో హువాన్ టిజోల్, బార్నీ బిగార్డ్ కొంచెం తెల్లగా ఉంటారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి వాయిస్తున్నారని జనం అనుకుంటారేమోనని వాళ్లిద్దరికీ కూడా నల్లరంగు పూశారు. ఆ రోజుల్లో తెర మీద రంగుల లెక్క ఇంత పట్టింపుగా ఉండేది.

"అప్పట్లో ఎవరికీ తప్పనిపించలేదు, ఇప్పుడే కొత్తగా గొడవ చేస్తున్నారు" అనే మాట తరచూ వింటాం. అది నిజం కాదు. 1931లోనే 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లజాతి పత్రిక ఆ రేడియో కార్యక్రమాన్ని ఆపాలని సంతకాల ఉద్యమం నడిపింది. అదే ఏడాది 'షికాగో డిఫెండర్' అనే ఇంకో నల్లజాతి పత్రిక తన పిల్లల పిక్నిక్‌కి గాస్డెన్, కొరెల్‌లను అతిథులుగా పిలిచింది. ఆ సమాజంలోనే రెండు అభిప్రాయాలు ఉండేవి, గట్టిగా వాదించుకునేవాళ్లు. నటుల బాధ ఇంకోటి. లా డిగ్రీ ఉన్న నల్లజాతి నటుడు క్లారెన్స్ మ్యూస్ 1934లో నల్లజాతి నటుడి ఇరకాటం గురించి ఒక చిన్న పుస్తకమే రాశాడు. తన వాళ్లు తమ నిజమైన జీవితాన్ని తెర మీద చూడాలనుకుంటారు, డబ్బు పెట్టే తెల్ల ప్రేక్షకులు విదూషకుణ్ణో ఆయమ్మనో అడుగుతారు, ఈ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నామని అందులో ఆయన బాధ.

ఇక మీ పిల్లలు చూస్తున్న 'లిటిల్ రాస్కల్స్'. దీని అసలు పేరు 'అవర్ గ్యాంగ్'. కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో హాల్ రోచ్ స్టూడియో 1922లో మూకీగా మొదలుపెట్టింది. 1929లో మాట వచ్చింది. 1938లో సిరీస్‌ను ఎంజీఎం అనే పెద్ద స్టూడియో కొనుక్కుని 1944 దాకా నడిపింది. 1950ల్లో టీవీకి వెళ్లినప్పుడు 'లిటిల్ రాస్కల్స్' అనే పేరు పెట్టారు.

ఈ గ్యాంగ్‌లో వరసగా నలుగురు నల్లజాతి పిల్లలు ముఖ్యులు. మొదట సన్‌షైన్ సామీ అనే ఎర్నీ మారిసన్, తర్వాత ఫరీనాగా ఆలెన్ హాస్కిన్స్, ఆ తర్వాత స్టైమీగా మాథ్యూ బియర్డ్, చివర్లో బక్‌వీట్‌గా బిల్లీ థామస్. ఫరీనా పాత్రకి మూకీల్లో గౌను వేసి, జడలు కట్టి ఆడపిల్లలా చూపించేవాళ్లు. బక్‌వీట్ కూడా మొదట్లో ఆడపిల్ల పాత్రే. బానిసల కథైన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నాటకాల్లోని టాప్సీ అనే పిల్ల రూపం అది, తరతరాలుగా స్టేజీ మీద నవ్వులాటకి వాడుకున్న అచ్చు. తెల్లపిల్లలకి మామూలు ఊరి పిల్లల బట్టలు, నల్లపిల్లలకి ఈ పాత వేషం. ఇక్కడి వరకూ మీ మొదటి స్నేహితులు చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు 1931లో వచ్చిన 'డాగ్స్ ఈజ్ డాగ్స్' పెట్టుకోండి. వీజర్, డొరతీ అనే అన్నాచెల్లెళ్లు సవతి తల్లి దగ్గర ఉంటారు. ఆమె సొంత కొడుకు స్పడ్ చక్కగా దువ్వుకుని, టిప్‌టాప్‌గా తయారై ఉండే గారాల పిల్లాడు. వాడికి పంది మాంసం, గుడ్లు. వీళ్లకి గంజిలాంటి జావ. అప్పుడు స్టైమీ వస్తాడు. బోడిగుండు, దాని మీద తన తలకి పెద్దదైన గుండ్రటి డెర్బీ టోపీ. వాడికీ ఆకలే. మాంసం, గుడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని స్పడ్‌ని నమ్మిస్తాడు. నిజమో కాదో చూద్దామని స్పడ్ తన చేత్తోనే పొయ్యి మీద పెట్టేస్తాడు. స్టైమీ ముఖం చూడండి ఆ సేపంతా. తొందర లేదు, నవ్వు లేదు. కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత గంభీరంగా ఉంటాడు. ఆఖరికి ఆకలిగా ఉన్న ముగ్గురి కడుపులూ నిండుతాయి.

ఆ ఏడాది అమెరికా ఎలా ఉందో తలుచుకుంటే ఈ చిన్న బిట్ బరువు తెలుస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో బళ్లు, రైలుపెట్టెలు, సినిమా హాళ్లు అన్నీ రంగును బట్టి వేరు. బళ్లలో ఆ విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పడానికి ఇంకా 23 ఏళ్లు ఉంది. అలాంటి రోజుల్లో ఆరేళ్ల నల్లపిల్లాడు తెల్లపిల్లాణ్ణి తెలివితో ఓడించాడు, అందుకు తెర మీద ఎవరూ వాణ్ణి శిక్షించలేదు, హాలు మొత్తం వాడి పక్షానే ఉంది. ఎత్తు వాడిది, గెలుపూ వాడిది. నా దృష్టిలో టాకీల తొలి పదేళ్లలో నల్లజాతి నటులకి దక్కిన కామెడీ పాత్రల్లో స్టైమీది చాలా పైన ఉంటుంది. ఆ టోపీ లారెల్, హార్డీ కామెడీ జంటలోని స్టాన్ లారెల్ చలవే అంటారు.

అదే స్టూడియో, అదే స్టైమీ, 1932. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిన ఏడాది. 'ఎ ల్యాడ్ అండ్ ఎ ల్యాంప్' అనే కామెడీలో పిల్లలకి ఒక దీపం దొరుకుతుంది, అల్లావుద్దీన్ దీపమని నమ్ముతారు. స్టైమీ తమ్ముడు కాటన్ కనపడడు, ఒక కోతి కనపడుతుంది. దీపం మహిమ వల్ల కాటన్ కోతిగా మారిపోయాడని అందరూ అనుకోవడమే జోకు. ఇందులో సర్దిచెప్పడానికేమీ లేదు. నల్లపిల్లాణ్ణీ కోతినీ ఒకటిగా చూపించడం అనేది వందల ఏళ్ల తిట్టు, దాన్నే పిల్లల కామెడీగా అమ్మారు.

మరుసటి ఏడాది, 1933లో 'ది కిడ్ ఫ్రమ్ బోర్నియో'. సర్కస్‌లో ప్రదర్శనకి పెట్టిన "అడవి మనిషి"ని పిల్లలు తమ మామయ్య అనుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ పాత్ర వేసింది జాన్ లెస్టర్ జాన్సన్. ఆయన మామూలు మనిషి కాదు, 1916లో, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన జాక్ డెంప్సీతో తలపడి అతని పక్కటెముకలు విరగ్గొట్టిన హెవీవెయిట్ బాక్సర్. అంతటి మనిషి చేత తింటాను, మింగుతాను అన్న అర్థం వచ్చే ఒకే ఒక్క అరుపు సినిమా మొత్తం అరిపించారు. మాట వచ్చిన సినిమాలో ఒక నల్లజాతి మనిషికి ఇచ్చిన మాట అంతే. విచిత్రం ఏమిటంటే సాంకేతికంగా ఇది సిరీస్‌లో బాగా తీసిన వాటిలో ఒకటి. ఆ పరుగులు, ఆ ఇల్లు తలకిందులయ్యే తీరు చూసి నవ్వొస్తుంది. నవ్వొచ్చినంత మాత్రాన అందులోని అన్యాయం తగ్గదు, ఈ రెండూ మనసులో పక్కపక్కనే పెట్టుకుని చూడాల్సిందే.

ఇక్కడ ఒక సంగతి తప్పక చెప్పాలి. ఈ సినిమాలంటే మనకి కొన్ని చోట్ల సిగ్గుగా అనిపిస్తుంది, కానీ ఆనాటి జాతి విభజన సమర్థకులకి కోపం తెప్పించింది వేరే విషయం. హాల్ రోచ్ 1947లో 'అవర్ గ్యాంగ్' ధోరణిలోనే 'కర్లీ' అనే సినిమా తీశాడు. మెంఫిస్ నగర సెన్సార్ బోర్డు అధిపతి లాయిడ్ బిన్‌ఫర్డ్ దాన్ని నిషేధించాడు. కారణం అందులో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే తరగతిలో కూర్చున్నారు. పిల్లల మధ్య సైతం సమానత్వాన్ని దక్షిణాది ఒప్పుకోదని ఆయన రాతపూర్వకంగానే చెప్పాడు. సినిమావాళ్లు కోర్టుకెక్కారు, టెన్నెసీలో ఓడిపోయారు. కోతి జోకు మీద, అడవి మనిషి మీద అలాంటి పెద్దమనుషులకి అభ్యంతరం లేదు. బెంచీ మీదే అభ్యంతరం. మీ రెండో స్నేహితుల వాదనకి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

పెద్దవాళ్ల పాత్రల దగ్గరికి వస్తే పరిస్థితి ఇరుకు. వంటవాడు, రైల్లో పోర్టరు, డ్రైవరు, పనిమనిషి, అంతే. స్టెపిన్ ఫెచిట్ అనే లింకన్ పెరీ బద్ధకస్తుడి పాత్రలతో పెద్ద స్టార్ అయ్యాడు, బాగా సంపాదించాడు, నల్లజాతి పత్రికకి వ్యాసాలు రాసేంత చదువరి. నత్తనడకతో, గొణుగుడుతో ఆ పాత్ర చివరికి పనిని యజమాని చేతే చేయించేదని, అది బానిసల కాలం నాటి ఒక తెలివైన ఎదురుదెబ్బ అని కొందరు విమర్శకులు అంటారు. వాదన బాగుంది. కానీ హాల్లో కూర్చున్న తెల్ల ప్రేక్షకుడికి అందింది బద్ధకమే అని నా అభిప్రాయం. విల్లీ బెస్ట్ సంగతి ఇంకా బాధాకరం. 1930లో కమెడియన్ హెరాల్డ్ లాయిడ్ సినిమా 'ఫీట్ ఫస్ట్'లో టైటిల్స్‌లో అతని సొంత పేరు కూడా వేయలేదు, "తిండీ నిద్రా" అన్న అర్థం వచ్చే పేరు తగిలించారు. పదేళ్ల తర్వాత 'ది ఘోస్ట్ బ్రేకర్స్'లో కమెడియన్ బాబ్ హోప్ పక్కన పనివాడిగా చేశాడు. చీకట్లో అతని రంగు మీద హోప్ వేసే జోకు ఒకటుంది, వినడానికి కష్టం. అయినా ఆ సినిమాలో విల్లీ బెస్ట్ టైమింగ్ చూడండి. తాను కలిసి పనిచేసినవాళ్లలో అంత మంచి నటుడు లేడన్నట్టు హోప్ స్వయంగా మెచ్చుకున్నాడు.

నాకు బాగా ఇష్టమైనవాడు మాంటన్ మోర్లండ్. 1941 నాటి 'కింగ్ ఆఫ్ ది జాంబీస్'లో పనివాడు జెఫ్‌గా వేశాడు. పాత్ర కాగితం మీద పాత పిరికివాడే, దెయ్యాన్ని చూస్తే కళ్లు పెద్దవి చేసి పారిపోయే రకం. కానీ కథ గమనించండి. ఆ ఇంట్లో జాంబీలు, అంటే నడిచే శవాలు, ఉన్నాయని మొదట కనిపెట్టేది అతను. తెల్ల యజమానులు నమ్మరు, కొట్టిపారేస్తారు. అతను చెప్పిందే నిజమవుతుంది. మధ్యలో తానూ జాంబీనే అయిపోయానని నమ్మి వెళ్లి వాటి వరసలో నిలబడతాడు, కబుర్లు మాత్రం ఆపడు. సినిమా అంతా అతని భుజాల మీదే నడుస్తుంది.

ఆయనదే ఇంకో విద్య, 1940ల్లో చార్లీ చాన్ అనే చైనీయ డిటెక్టివ్ సినిమాల్లో బెన్ కార్టర్‌తో కలిసి చేసే అసంపూర్ణ సంభాషణ. ఒకరు వాక్యం మొదలుపెడతారు, పూర్తి కాకముందే రెండోవాడికి అర్థమైపోతుంది. మన మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మొన్న కనపడ్డాడ్రా, ఆ..."
"వాడా! వాడు అక్కడ లేడుగా, మారి..."
"అక్కడికి కాదు, దాని పక్క..."
"అద్దె ఎంతట?"
"అదే, సుమారు..."
"అంతా!"

పక్కనున్న మూడోవాడికి ఒక్క ముక్క అర్థం కాదు, అదే హాస్యం. ఈ విద్య మిల్లర్, లైల్స్ అనే నల్లజాతి స్టేజీ జంట నుంచి వచ్చింది. 1921లో న్యూయార్క్ నాటక వీధి బ్రాడ్‌వేలో 'షఫుల్ అలాంగ్' అనే సంగీత నాటకం ఆడించిన వాళ్లు. అంటే తెల్ల రచయిత రాసిచ్చిన యాస కాదిది, నల్లజాతి రంగస్థలం తన కోసం తయారుచేసుకున్న హాస్యం. చార్లీ చాన్‌గా మాత్రం చైనీయుడి వేషంలో తెల్లనటుడే ఉంటాడు, ఆ లోపం అలాగే ఉంది.

త్రీ స్టూజెస్ గురించి అడిగారు కదా. మో, కర్లీ, లారీ ముగ్గురూ యూదు వలస కుటుంబాల బిడ్డలు. 1938లో 'మట్స్ టు యూ'లో మో, లారీ చైనీయుల లాండ్రీవాళ్ల వేషం వేస్తారు. ఐరిష్ పోలీసు నిలదీస్తే లారీ "చైనా భాష" అని చెప్పి దంచేది నిజానికి యూరప్ యూదుల భాష యిడ్డిష్. యూదు ప్రేక్షకులకి అది తమ ఇంటి జోకు. చైనీయులకి మాత్రం మళ్లీ వేషమే, వాళ్ల మాట అక్కడ లేదు. అదే స్టూజెస్ 1940 జనవరిలో 'యూ నాట్జీ స్పై' తీసి హిట్లర్‌ను ఏడిపించారు, చాప్లిన్ 'ది గ్రేట్ డిక్టేటర్' కంటే నెలల ముందు. యూదుడైన మో ఆ మీసం పెట్టుకోవడం అప్పట్లో చిన్న ధైర్యం కాదు.

మీ పిల్లలు చూసినవాటిలో 'ఎ ప్లంబింగ్ వి విల్ గో' ఉండే ఉంటుంది, అదీ 1940దే. స్టూజెస్ నీళ్ల పైపుల్ని కరెంటు పైపులకి కలిపేస్తారు. వంటగదిలో డడ్లీ డికర్సన్ అనే నల్లజాతి నటుడు వంటవాడు. పొయ్యిలోంచి నీళ్లు, బల్బులో నీళ్లు. ఈ ఇంటికి పిచ్చెక్కిందని ఆయన అరిచే అరుపు చాలా ప్రసిద్ధం. బుర్ర ఎవరిదన్న నా ప్రశ్న వేస్తే ఇక్కడ ఎత్తు ఆయనది కాదు, దెబ్బ మాత్రమే ఆయనది. కానీ ఈ సినిమాలో ఇంటి యజమానురాలి అతిథులకీ అదే గతి పడుతుంది, టీవీలోంచి నీళ్లు వాళ్ల మొహాన కొడతాయి. ఆయన్ని బెదరగొట్టేది ఆయన రంగు కాదు, ప్లంబర్ల తెలివితక్కువతనం. అందరిలోకీ మతి స్థిమితంగా ఉన్న మనిషి ఆయనే. దీన్ని నేను సంతోషంగానే చూపిస్తాను.

లారెల్, హార్డీ అభిమానులకి ఒక మాట. 1931 'పార్డన్ అస్'లో జైలు నుంచి పారిపోయిన ఇద్దరూ మొహాలకి నల్లరంగు పూసుకుని పత్తి చేలో కూలీల మధ్య దాక్కుంటారు. హార్డీ అక్కడ చక్కగా పాడతాడు కూడా. ఇంకో కామెడీ జట్టు మార్క్స్ సోదరులు 1937 'ఎ డే ఎట్ ది రేసెస్'లో అదే పని చేశారు. దానికి ముందే వైటీస్ లిండీ హాపర్స్ అనే, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లుండే హార్లెమ్ బృందం చేసిన నృత్యం ఉంది, గాల్లో తేలినట్టుంటుంది. వాళ్ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు.

స్త్రీల సంగతి క్లుప్తంగా. హాల్ రోచ్ 1931లో థెల్మా టాడ్, జాసూ పిట్స్‌ని జంటగా పెట్టి లారెల్, హార్డీల్లాంటి ఆడ జట్టు తయారుచేశాడు, తర్వాత పిట్స్ స్థానంలో ప్యాట్సీ కెల్లీ వచ్చింది. అన్నీ ఒకే స్థాయిలో లేవు, కథలు పలచన. మెక్సికన్ నటి లూపే వెలెజ్ వేరే స్థాయి. 1934 'హాలీవుడ్ పార్టీ'లో బార్ కౌంటర్ దగ్గర ఆమెకీ లారెల్, హార్డీలకీ మధ్య గుడ్లు పగలగొట్టే పోటీ ఉంది. ఒకరి తర్వాత ఒకరు, నింపాదిగా. లారెల్, హార్డీలకి ఎదురు నిలిచి టైమింగ్‌లో వెనక్కి తగ్గని స్త్రీలు తక్కువ. తర్వాత ఆర్కేవో స్టూడియో ఆమెని 'మెక్సికన్ స్పిట్‌ఫైర్' సిరీస్‌లో పెట్టి యాస, కోపం, అరుపుల చట్రంలో బిగించేసింది.

ఇక చూపించే విషయం. టీవీ వెర్షన్లు దొరుకుతాయి కదా, అవి క్షేమమేమో అనిపించవచ్చు. 1971లో కింగ్ వరల్డ్ సంస్థ లిటిల్ రాస్కల్స్‌లో అభ్యంతరకరమైన చోట్లు కత్తిరించింది, కొన్నిటిని పూర్తిగా తీసేసింది. వాటిలో 'ది కిడ్ ఫ్రమ్ బోర్నియో', 'ఎ ల్యాడ్ అండ్ ఎ ల్యాంప్' ఉన్నాయి, సరే. కానీ చిన్నారి స్టైమీని ఫరీనా సాకే 1931 నాటి 'లిటిల్ డాడీ' కూడా పోయింది. కత్తెర పడినప్పుడు చెడ్డ జోకుతో పాటు ఆ పిల్లల మంచి నటన కూడా పోతుంది. అందుకే పూర్తి నిడివి ప్రింట్లే తీసుకుని, ఏది చూపించాలో మీరే ఎంచుకోవడం మేలు.

పదేళ్ల లోపు పిల్లలైతే 'డాగ్స్ ఈజ్ డాగ్స్'తో మొదలుపెట్టండి, తర్వాత బడి నేపథ్యంలో వచ్చే 'టీచర్స్ పెట్', 'స్కూల్స్ అవుట్', ఆ మీదట స్టూజెస్ ప్లంబింగ్. మొదటిసారి మీరూ పక్కన కూర్చోండి. నల్లపిల్లలు అలా ఎందుకు మాట్లాడుతున్నారని వాళ్లే అడుగుతారు, అప్పుడు చెబితే బుర్రకెక్కుతుంది. కోతి కథ, బోర్నియో కథ ఇప్పుడు వద్దు. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక 'డాగ్స్ ఈజ్ డాగ్స్' మళ్లీ వేసి, వెంటనే 'ది కిడ్ ఫ్రమ్ బోర్నియో' వేయండి. రెండూ కలిపి ముప్పావుగంట కూడా పట్టదు. ఏ సినిమాలో ఏ పాత్రకి ఎన్ని మాటలిచ్చారో వాళ్లనే లెక్కపెట్టమనండి.